నక్క కత్తిరించిన డిసెంబరాలు

కాలవకి ఇవతల ఒడ్డున వీరాయమ్మగారి గొడ్లసావిడి. ఆ సావిట్లో జరిగిన అన్యాయం వింటే మీకూ ఒళ్ళు మండుద్ది. వినండి.

సావిట్లో రెండెద్దులు ఉండేయి. పుల్లడు, మైలన్న. పుల్లడు వలపట, మైలన్న దాపట. అంటే కాడికి కుడిపక్కన వాడు, ఎడంపక్కన వీడు. పన్నెండేళ్ళు ఒకే కాడి మోశారు. ఒకడు తుమ్మితే రెండోవాడు తల ఊపేవాడు, అంత జత.

సావిడి గోడ పక్కన డిసెంబరాల పొద ఒకటి. ఊదారంగు పూలు. వాసనా పాడూ ఉండదు గానీ చలి మొదలయిందంటే ఆకు కనపడకుండా పూసేది. వీరాయమ్మగారు దండలు కట్టి రెండెద్దుల కొమ్ములకీ చుట్టేది. పుల్లడికి ఆ పొదంటే ప్రాణం. ప్రాణం అంటే చూసి మురిసిపోవటం కాదండోయ్, తినటం. ఏడాదికోసారి పలుపు తెంపుకుని పోయి, ఆ పొదని మోకాలెత్తుకి కొరికి పారేసేవాడు. వీరాయమ్మగారు చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది.

"ముదనష్టపోడా! వామెడు గడ్డి ఉంటే పూలమొక్కే కావాల్సొచ్చిందంట్రా నీకు!"

పుల్లడు కదిలేవాడు కాదు. చీపురు దెబ్బలు వీపున పడతానే ఉండేయి, నోట్లో కొమ్మ నలుగుతానే ఉండేది. తిండిపోతని సావిడంతా నవ్వేది. మైలన్న కూడా నవ్వేవాడు.

పోయిన మార్గశిరంలో, పొద విరగబూసిన రోజుల్లో, పుల్లడు మూడ్రోజులు గడ్డి ముట్టలేదు. నాలుగో రోజు పోయాడు. పొద పక్కనే గొయ్యి తీసి పూడ్చారు. దాపటెద్దు ఒక్కటే మిగిలితే కాడికి ఏం పనికొస్తుంది? మైలన్నని ఇక పొలానికి తోలలేదు, పొడుగు పలుపుతో కట్టి దొడ్లో వదిలేశారు.

మనుషులకయితే సంవత్సరీకాలూ, భోజనాలూ ఉంటాయి. గొడ్డుకేముంది? మైలన్న మనసులో పెట్టుకున్నది ఒక్కటే. పుల్లడు పోయి ఏడాది నిండే రోజుకి ఆ పొద నిండా పూలుండాలి, రాలి ఆ మట్టి మీద పడాలి. అంతే. దానికోసం ఎండాకాలమంతా తొట్టిలో నీళ్ళు నోటినిండా పట్టుకెళ్ళి పొద మొదట్లో వదిలాడు. పేడ ఎండాక కాలితో నలిపి చుట్టూ నెట్టాడు. మేకలొస్తే కొమ్ము చూపించాడు.

"వాసన లేని పువ్వుకి ఇంత సేవేంటి మైలన్న బావా?" అనేది నల్లపెట్ట. దొడ్లో దాని నోటికి మించిన నోరు లేదు.

"పువ్వుకి కాదు మరదలా," అనేవాడు మైలన్న. మళ్ళీ తొట్టి దగ్గరకి నడిచేవాడు.

అంత సేవ చేసినా పొద వాలకం బాగోలేదు. గడకర్రల్లాగా పైకి ఎగబాకింది. కింద బోడి, పైన నాలుగాకులు. పోయినేడు గంప బోర్లించినట్టు ఉండేది, ఈ ఏడు ఇట్టా ఎందుకయిందో మైలన్నకి అంతు పట్టలేదు. కొమ్మల చివర్లు మాత్రం అప్పుడప్పుడే గుత్తులు గుత్తులుగా, పచ్చగా, ముళ్ళముళ్ళుగా ఏదో కడుతున్నాయి.

అట్లతద్ది వెళ్ళిన మర్నాడు, తాటిదుంగ మీద కాలవ దాటి నక్క వచ్చింది. అది పిట్టలకి తప్ప మనిషి బరువుకీ గొడ్డు బరువుకీ ఆగని దుంగ, నక్క మాత్రం దాని మీద షికారుకి వచ్చినట్టు వస్తది. దాన్ని చూడగానే నల్లపెట్ట పిల్లల్ని రెక్క కిందకి లాక్కుంది.

"మావయ్యా, బాగున్నావా?"

"ఏదో ఇట్టా ఉన్నాను అల్లుడూ."

"అల్లుడంట!" అంది నల్లపెట్ట. "ఏ కూతుర్నిచ్చావు బావా వాడికి?"

"నువ్వుండు పెట్టమ్మా. ఇయ్యాళ నీతో పని లేదు నాకు." నక్క పొద చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. నాలుక చప్పరించింది. "అయ్యయ్యో! పుల్లన్న మావ పొద ఇదేనా? ఎట్టా ఉండేది, ఎట్టా అయిపోయింది!"

మైలన్న దగ్గరకి జరిగాడు. "ఎందుకయిందంటావు అల్లుడూ?"

"కొరికేవాడు లేక. మావ ఏటా ఎందుకు కొరికేవాడనుకున్నావు? తిండికా? కొరికిన చోట ఒక కొమ్మ పోయి రెండొస్తాయి. రెండు పోతే నాలుగు. కొమ్మ కొమ్మకీ పువ్వు. అది దొంగతిండి కాదు మావయ్యా, కత్తిరింపు! ఇన్నేళ్ళూ ఆ పొదని పూయించింది వీరాయమ్మగారు కాదు, పుల్లన్న మావ."

మైలన్నకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళుగా అందరూ తిండిపోతని నవ్వినవాణ్ణి, తను కూడా నవ్వినవాణ్ణి, ఒకరు వచ్చి పనిమంతుడు అంటున్నారు. ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తందో చూసుకోలేదు పాపం. ఆ మాటకే లొంగిపోయాడు.

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"నువ్వు కొరుకు."

"నా వల్ల కాదు. వాడి మొక్క. నేను నోరు పెట్టలేను."

"అయితే నేను చేస్తా. మావ మీద గౌరవం కొద్దీ. కొట్టేసిన చెత్త కూడా నేనే ఎత్తుకుపోతా, నీ దొడ్డి శుభ్రంగా ఉంటది."

"ఆగాగు," అంది నల్లపెట్ట, మెడ సాచి. "చివర్ల ఆ గుత్తులేంటి? నాకేదో మొగ్గల్లాగా కనపడతన్నాయి."

"మొగ్గలా? అది ముళ్ళతెగులు."

"నేను మూడేళ్ళ దాన్ని. ముళ్ళతెగులన్న మాటే వినలేదు."

"కోళ్ళకి రాదుగా, అందుకే వినలేదు."

మైలన్న పక్కకి తప్పుకున్నాడు. కరకరా కరకరా నాలుగు పక్కలా కొరికేసింది నక్క. గుత్తులున్న కొమ్మ ఒక్కటి వదల్లేదు. మంచి లావుపాటి ముక్కలన్నీ ఏరి, మోపు చేసుకుని, నోటకరుచుకుని దుంగ మీద దాటిపోయింది. పోతా పోతా తోక కూడా ఊపింది.

ఒక కొమ్మ జారి నీళ్ళతొట్టిలో పడింది. రెండో రోజు పొద్దున్నే నల్లపెట్ట తొట్టి అంచెక్కి, పెద్దగా కేకేసింది.

"బావా! మైలన్న బావా! ఇట్టా రా, వచ్చి తెగులు చూసుకో!"

మైలన్న వచ్చి చూశాడు. నీళ్ళలో తేలే కొమ్మ చివర, ఆ ముళ్ళముళ్ళ గుత్తిలోంచి, ఊదారంగు పువ్వు ఒకటి విచ్చుకుని ఉంది. పక్కన ఇంకోటి విచ్చుకోబోతంది.

అప్పుడు గుర్తొచ్చింది వాడికి. పుల్లడు పలుపు తెంపుకునేది ఎప్పుడు? మాఘంలో. పూలన్నీ అయిపోయి, కాయలు ఎండి చిటపటా పగిలే రోజుల్లో. ఎండలు ముదరక ముందు కొరికితే వానాకాలానికి గుబురయ్యేది, చలికాలానికి పూసేది. నక్క చెప్పిందాంట్లో అంతా నిజమే. నెల ఒక్కటే అబద్ధం. మొగ్గ మీద ఉన్నప్పుడు కొట్టేస్తే ఆ ఏడాదికి ఇక పువ్వుండదు.

"తెలిసే చేసింది," అన్నాడు మైలన్న. "నా ఎదురుగా నిలబడి, వాడి పేరు చెప్పి, వాడి పొద కొట్టేసింది."

పలుపు తెంపుకున్నాడు. ఇన్నేళ్ళ బతుకులో మొదటిసారి. కాలవగట్టుకి వెళ్ళి, దుంగ దగ్గర నిలబడి రంకె వేశాడు. అవతలొడ్డున బొరియ ముందు నక్క కొమ్మలు వరసగా పరుచుకుని చూసుకుంటా ఉంది.

"నా కొమ్మలు నాకిచ్చెయ్!"

"చెత్త కదా మావయ్యా! చెత్త అడుక్కోటానికి ఇంత దూరం వచ్చావా?"

"ఎందుకు చేశావురా ఈ పని? ఆకు తినే జాతివా నువ్వు? నీకు పువ్వెందుకు?"

నక్కకి గొప్ప చెప్పుకోవటం ఇష్టం. అడిగిందే చాలు. "పువ్వుంటే సీతాకోకలొస్తాయి. కింద గుబురు నీడుంటే కంజుపిట్టలొచ్చి గుడ్లు పెడతాయి. ఇన్నాళ్ళూ కూడు కోసం నేను ఊరంతా తిరిగేవాణ్ణి, ఇక కూడే నా గుమ్మం ముందుకి వస్తది. అందుకూ!"

మైలన్న ముట్టెలోంచి ఆవిరి లేచింది. దుంగ మీద కాలేశాడు. అది కిర్రుమని వంగింది. కాలు తీసేశాడు. అవతల తన జతగాడి పొద ముక్కలు అప్పుడే వాడిపోతా, ఆకులు వేలాడేసి ఉన్నాయి.

"ఇవ్వకపోతే ఇవ్వకపో," అని అరిచాడు. "చంపమాక మాత్రం! వీరాయమ్మగారు నాటుతుంటే ఇన్నేళ్ళు చూశాను, విను. ఒక్కో ముక్క జానెడు చాలు. మొగ్గలన్నీ గిల్లెయ్, లేకపోతే ఉన్న బలమంతా పువ్వుకే పోద్ది. పైన రెండాకులుంచి మిగతావి తీసెయ్. కింది కణుపు మట్టిలో ఉండాలి, వేరు కణుపు దగ్గరే వస్తది. నీడలో పెట్టు. మట్టి తడిగా ఉండాలి గానీ బురద కాకూడదు. విన్నావా?"

"విన్నాను, విన్నాను," అంది నక్క.

దొడ్లోకి రాగానే నల్లపెట్ట అందుకుంది. "ఉన్నదంతా చెప్పేశావా వాడికి? నీ తలకాయలో ఉన్నది మెదడా, తవుడా? నిన్ను దోచుకుపోయినోడికి పాఠం చెబుతావా?"

"మొక్క ఏం చేసింది మరదలా? ఎవడి గుమ్మంలో ఉన్నా అది పుల్లడి పొదేగా. బతకనీ."

"నా కళ్ళెదుటకి రాకు కాసేపు!" అని వెళ్ళిపోయింది నల్లపెట్ట.

అవతలొడ్డున నక్క తలగోక్కుంటా ఆలోచించింది. 'నేనా వీణ్ణి మోసం చేశాను. వీడికా నా మీద కడుపు మండిపోతంది. అట్టాంటోడు నాకు నిజం చెబుతాడా? నేనయితే చెబుతానా? గిల్లమన్నాడంటే గిల్లకూడదన్నమాట. నీడంటే ఎండన్నమాట. ఓరి నీ అమాయకత్వం! నన్నే బోల్తా కొట్టిద్దామనుకున్నావా మావయ్యా!'

అంతే. మొగ్గలు ఒక్కటి గిల్లలేదు. ఆకు ఒక్కటి తియ్యలేదు. ఎర్రటి ఎండలో గుంటలు తీసి, నీళ్ళు నింపి బురద చేసి, ఆ బురదలో గుచ్చింది. రెండ్రోజులు నాలుగు పూలు విచ్చుకున్నాయి. నక్క ఎగిరి గంతేసింది. కంజుపిట్టలందరికీ కబురంపింది, మార్గశిరంలో ఫలానా రోజున నా తోట చూడటానికి రండి, పిల్లాపాపలతో రండి అని. నాలుగో రోజుకి పూలు రాలాయి. పదో రోజుకి ఆకులు నల్లబడ్డాయి. నెలకి కింద కుళ్ళిపోయి, పైన ఎండిపోయి, పొయ్యిలోకి తప్ప పనికిరాని పుల్లలు మిగిలాయి. నక్క మాత్రం ఇంకా నీళ్ళు పోస్తానే ఉంది.

పుల్లడు పోయి ఏడాది నిండిన రోజు వచ్చింది. మైలన్న పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాడు. కొట్టేసిన మొదళ్ళ దగ్గర లేతాకులు వచ్చాయి గానీ పువ్వు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నల్లపెట్ట పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. పిల్లలతో "నోరు ముయ్యండి" అని తను కూడా మూసుకుంది. దానికది పెద్ద పనే.

అప్పుడొచ్చింది నక్క, దుంగ మీద దడదడా పరిగెత్తుకుంటా.

"దగాకోరు! నమ్మకద్రోహీ! కంజుపిట్టలు దూరం నించే చూసి, ఎండుపుల్లలు చూపించటానికి పిలిచావా అని నవ్వి పోయాయి! ఒక్కటి కూడా దిగలేదు! నన్ను మోసం చేశావు నువ్వు!"

"నేనా?" అన్నాడు మైలన్న. "మొగ్గలు గిల్లావా?"

"లేదు!"

"నీడలో పెట్టావా?"

"లేదు!"

"నేను చెప్పింది ఒక్కటయినా చేశావా?"

"ఎట్టా చేస్తాను? నువ్వు నిజం చెబుతావని నేనెట్టా అనుకుంటాను?"

నల్లపెట్ట ఇక ఆగలేకపోయింది. నవ్వి నవ్వి పక్కకి ఒరిగిపోయింది. పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే కిచకిచమని నవ్వాయి. మైలన్న నవ్వలేదు. తల దించాడు. దాపటెద్దు ఎప్పుడూ ఎవర్నీ పొడిచి ఎరగదు గనక నక్క అక్కడే నిలబడింది. వాడు ఒక అడుగు ముందుకేశాడు. ఇంకో అడుగేశాడు.

"వాడి పేరు చెప్పి వాడి పొద కొట్టావు. ఇయ్యాళ వాడి రోజు. ఇయ్యాళ కూడా నా దొడ్లోకి వచ్చి నన్నే దగాకోరంటన్నావు."

నక్క వెనక్కి వెనక్కి నడిచింది. వెనకేముందో చూసుకోలేదు. వెనకున్నది పేడగుంట. చెవులు మాత్రం పైకుండేట్టు దిగబడి, నానా తంటాలు పడి బయటకొచ్చి, కారుకుంటా కాలవ దాటింది. ఆ కంపు చాన్నాళ్ళు పోలేదు. నక్క ఇంకా చాలా దూరాన ఉండగానే పిట్టలన్నీ ఎగిరిపోయేయి.

మైలన్న మళ్ళీ పొద దగ్గరకి వచ్చాడు. ముట్టె మట్టికి ఆనించాడు.

"పుల్లా, ఈ ఏడు పువ్వు లేదురా," అన్నాడు. "ఉందని నీకు అబద్ధం చెప్పలేను."

అబద్ధాలతో బతికేవాడి కర్మ ఇంతే: ఎదుటివాడు నోరారా నిజం చెప్పినా అది వాడికి అక్కరకి రాదు.