గోనె కప్పిన మొక్క

రంగనాయకి మూట కట్టేసింది. కట్టి, సోమగిరి స్వామి ముందుకొచ్చి నిలబడింది.

"సెలవిప్పించండి స్వామీ. వెళ్ళిపోతాను."

ఆయన ఎండలో కూర్చుని రాజ్మా గింజలు ఏరుతున్నాడు. తలెత్తలేదు. "ఎక్కడికమ్మా?"

"తాడిపత్రికే. మా అక్క వాళ్ళింటికి."

"చదువు సగంలో ఉందే."

"చదువు నాది. చలి బిడ్డది. నిన్న రాత్రి రెండుసార్లు దగ్గింది."

భర్త పోయాక, ఆరేళ్ళ కుందనను వెంటబెట్టుకుని, స్వామి దగ్గర చదువుకోవాలని హిమాలయాల్లోని ఈ కొండ మీదికి వచ్చిందామె. వేసవి చివర వచ్చింది. వానలు వెలిసేదాకా బాగానే ఉంది. ఒకనాటి తెల్లవారుజామున పిల్ల "అమ్మా, నా నోట్లోంచి పొగొస్తోంది!" అని గంతులేసింది. ఆ పిల్లకు అది ఆట. తల్లికి మాత్రం ఆనాటి నుంచి మనశ్శాంతి లేదు. రెండు స్వెటర్లు, పైన శాలువా, చెవుల మీదికి టోపీ. గది తలుపు పగలు కూడా మూసే ఉండేది. కొండ పిల్లలు ఆడుకోవడానికి పిలిస్తే "దానికి జలుబు" అని గుమ్మంలోంచే పంపేసేది. కుందన కిటికీ దగ్గర కూర్చుని వాళ్ళను చూసేది. అన్నం సగం తిని కంచం పక్కకు నెట్టేసేది.

స్వామి ఒక రాయిని ఏరి అవతల పారేశాడు. "సరే, వెళ్ళు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడింది కదా, బస్సు తిరిగేసరికి దసరా దాటుతుంది. ఈలోగా నీ మొక్కను ఎవరికైనా అప్పగించు."

అది ఆశ్రమం ఆనవాయితీ. ఉండటానికి వచ్చినవాళ్ళు వాలులో ఒక ఆపిల్ మొక్క నాటాలి. వెళ్ళేటప్పుడు దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్ళాలి.

మొక్క మాట వచ్చేసరికి రంగనాయకి ముఖం కాస్త వెలిగింది. "రండి స్వామీ, చూద్దురుగాని. అన్నీ పండుబారిపోయాయి. నాదొక్కటే పచ్చగా ఉంది."

నిజమే. వాలంతా పసుపూ ఎరుపూ. ఆమె మొక్క ఒక్కటీ గోనెపట్టా కప్పుకుని, అడుగున లేత చిగుళ్ళతో నిలబడి ఉంది. మొదలు దగ్గర పేడ, చుట్టూ తడి.

"నీళ్ళు పోస్తున్నావా?"

"రెండు పూటలా. చల్లనీళ్ళు తగిలితే వేరు జివ్వుమంటుందేమోనని గోరువెచ్చగా కాచి పోస్తున్నా."

స్వామి పకపకా నవ్వాడు. "తలంటు కూడా పోస్తున్నావా?"

"నవ్వకండి స్వామీ. మా వైపు ఆకు రాలితే ఉగాది ముందు రాలుతుంది. ఇట్లా దసరా రోజుల్లో ఆకు పండితే దానికి నీళ్ళు చాలలేదనో, తెగులు పట్టిందనో అర్థం."

ఆయన పక్క చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక పసుపు ఆకును వేలితో తాకాడు. అది తేలిగ్గా ఊడి వచ్చింది. ఊడిన చోటుకు ఆమె బొటనవేలు తీసుకెళ్ళి ఆనించాడు.

ఏదో గట్టిగా, చిన్నగా తగిలింది. వంగి చూసింది. ఒక మొగ్గ. పొలుసు మీద పొలుసు కప్పుకుని, పైన సన్నటి నూగుతో.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"ఆకు ఉండగానే. ఇది వసంతంలో విచ్చుకుంటుంది." ఆయన ఆ నూగును చూపించాడు. "ఈ శాలువా ఎవరు కప్పారో?"

తరవాత ఆమె మొక్క మీది గోనె తీశాడు. కొమ్మ చివర ఎక్కడా మూసుకున్న మొగ్గ లేదు. పల్చటి చిగురు ఇంకా పైకి సాగుతూనే ఉంది.

"ఇంకా ఎండాకాలమేనని నువ్వు దీనికి చెప్పావు. ఇది నమ్మింది."

రంగనాయకి ఆ చిగురును అరచేతిలోకి తీసుకుంది. "అయితే చచ్చిపోతుందా స్వామీ? నేనే చేతులారా..."

"గడ్డమంచు ఇంకా పడలేదుగా తల్లీ. ఇది దానికి ముందొచ్చే చలి. మొగ్గలు మూసుకోమని చెట్లకు చెప్పడానికే వస్తుంది."

గోనె దులిపి తన భుజాల మీద కప్పుకున్నాడు. "ఇది నాకు పనికొస్తుంది. నేను కొత్తగా చిగురెయ్యాల్సిన పనేం లేదు." అంటూ గింజల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె నీళ్ళు కాచలేదు. మర్నాడు ఎండ పొడిచాక కుందన ఒంటి మీది రెండో స్వెటర్ విప్పింది. కాసేపాగి టోపీ కూడా తీసింది. తలుపు తెరిచింది.

పిల్ల గుమ్మంలో ఆగి తల్లి వంక అనుమానంగా చూసింది. "నిజంగానా?"

"ఊ. ఎండ ఉన్నంతసేపే."

రోజులు గడిచాయి. కుందన ముక్కు కారింది, ఆగింది. బుగ్గలు కందాయి. మొక్క కూడా మెల్లగా మారింది. ముందు ఆకు అంచు ఎర్రబడింది, తరవాత ఆ ఎరుపు నడి ఈనె దాకా పాకింది. ఒకరోజు మొదటి ఆకు రాలింది. రంగనాయకి కళ్ళు మూసుకుని ఆ చోట బొటనవేలితో తడిమింది. కొమ్మ చివర కూడా తడిమింది. రెండు చోట్లా గట్టిగా మొగ్గ తగిలింది.

దారి బాగైంది. బస్సొస్తుందన్న రోజు తెల్లవారేసరికి వాలు మీద గడ్డి అంతా మంచు పట్టి తెల్లగా మెరుస్తోంది. మూట గదిలో ఓ మూల కట్టింది కట్టినట్టే ఉంది. తమ కంచాలు అందులోనే ఉండిపోవడంతో ఇన్నాళ్ళూ ఆశ్రమం కంచాల్లోనే తిన్నారు.

కింద పిల్లలు అరుస్తూ జారుతున్నారు. ఆ గుంపులో కుందన గొంతు అందరికన్నా పైన. 'పడిపోతావే' అన్న మాట రంగనాయకి గొంతు దాకా వచ్చి ఆగింది.

ఇంతలో పిల్ల ఆయాసపడుతూ గదిలోకి దూసుకొచ్చింది. "అమ్మా, ఆకలి! తొందరగా పెట్టు, వాళ్ళు ఆగరు."

కొండ మలుపులో బస్సు హారన్ మోగింది.

రంగనాయకి మూట ముడి విప్పింది. రెండు కంచాలు తీసి, కొంగుతో తుడిచి, పొయ్యి పక్కన పెట్టింది.