నేరేడు చెట్టు దగ్గరి మలుపు

గోగులకోన అడవిలో కుందేళ్లు, ముళ్ళపందులు, అడవిపందులు, నీటికుక్కలు కలిసి బతికేవి. వానాకాలం వస్తే వాగు పొంగి పల్లమంతా మునిగేది. ఆ నీరు పారేది కాదు. పెద్ద మడుగులా నిలిచి, రోజురోజుకూ పైకి లేచేది. ఈదలేని ప్రాణులు అవతలి నల్లబండ గట్టుకు చేరితేనే దక్కేవి.

వాటిని చేరవేసేది నీటిపై తేలే ఒక మద్దిమాను. ఏరన్న, చెలమ అనే నీటికుక్కల జంట దానిని వెనుక నుంచి తోసేది. దారి సగంలో పై కొమ్మలు తప్ప మునిగిన నేరేడు చెట్టు ఒకటి ఉండేది. దాని కొమ్మలు కనబడగానే ఏరన్న, "ఇక ముందుకు పద, చెలమా" అనేవాడు. ఇద్దరూ మానుకు ముందువైపు చేరి, ఎదురు తోసేవారు. మాను మెల్లమెల్లగా నెమ్మదించి, నల్లబండను తాకీ తాకనట్లు ఆగేది.

ఒక వేసవిలో ఏరన్న చనిపోయాడు. వానలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. చెలమ ఒంటరిగానే మానును తోయసాగింది.

కోరయ్య అనే అడవిపంది గట్టున నిలబడి అదంతా చూసేవాడు. కండ బలం మీద అతనికి మహా గర్వం.

"ఏం వదినా! పొద్దున ఒక కుందేలు ఎక్కితే బాణంలా పోయావు. ఇప్పుడు ముళ్ళపందులు ఎక్కేసరికి నత్తకు చెల్లెలివయ్యావే!" అన్నాడు.

"నా బలం పొద్దుటిదే, కోరయ్యా. మోసే బరువు పెరిగింది. అంత బరువు వేగం అందుకోవాలంటే అంతసేపు తోయాలి," అంది చెలమ.

"సరే, తోస్తున్నావు. మరి సగం దారిలోనే ముందుకెళ్లి వెనక్కి నెడతావేం? గట్టు ఇంకా ఎక్కడో ఉంది! అన్న పోయాక నీకు దారి తప్పుతోందా ఏం?"

చెలమ మానును తోసుకుంటూ నేరేడు చెట్టు దాకా పోయింది. దాని కొమ్మను ఒకసారి ముట్టుకుని, తన పని చూసుకుంది.

మర్నాడు నీరు కోరయ్య పొద దాకా వచ్చింది. అతని పిల్లలకు ఇంకా ఈత రాదు. భార్య తుంగమ్మ పిల్లలను మాను మీదికి ఎక్కించి, తానూ ఎక్కింది.

"చెలమను పిలవండి," అంది ఆమె.

"దాని నడకతో పోతే పిల్లలకు మీసాలొస్తాయి. నేనున్నాగా!" అంటూ కోరయ్య నీటిలో దూకాడు. ఛాతీ ఆనించి ఒక్క ఊపున తోశాడు. ఎంత బలం పెట్టాడో మాను అంత త్వరగా వేగం అందుకుంది. పిల్లలు కేరింతలు కొట్టారు.

చెలమ కంగారుగా పక్కనే ఈదుతూ వచ్చింది. నేరేడు చెట్టు కనబడగానే, "కోరయ్యా, ముందుకు రా! ఇప్పుడే ఎదురు తోయాలి!" అని అరిచింది.

"గట్టు దగ్గర పడనీ. తోయడం ఆపేస్తే అదే ఆగుతుంది," అన్నాడు కోరయ్య.

చెలమ ఒక్కతే ముందుకు వెళ్లి, చిన్న భుజాలను మానుకు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి ఎదురు తోసింది.

నల్లబండ ఎదుటికి వచ్చేసింది. కోరయ్య తోయడం ఆపాడు. మాను మాత్రం ఆగలేదు.

"నేను వదిలేశాను కదా! ఇదెందుకు ఆగదు?"

"ఎదురు తోయనిదే ఎందుకు ఆగుతుంది? నా ఒక్కదాని బలం చాలదు, రా!"

తుంగమ్మ పిల్లలను పొట్ట కిందికి లాక్కుంది. కోరయ్య వడిగా ఈది ముందుకు చేరి, తల అడ్డం పెట్టాడు. మాను కాస్త నెమ్మదించి, బండను ధడాలున తాకింది. పిల్లలు ఒడ్డున బురదలో దొర్లిపడ్డారు. ఏడ్చారు, కానీ ఒక్కరికీ గాయం కాలేదు. మానుకూ బండకూ నడుమ చిక్కిన కోరయ్య కోర మాత్రం మొదలంటా విరిగింది.

తుంగమ్మ పిల్లలనందరినీ మూతితో తడిమి చూసుకుని, చెలమ ముందు తల వంచింది. "నువ్వు ముందే అడ్డుపడకపోతే వీళ్లు నాకు దక్కేవారు కాదు, తల్లీ. ఈ మేలు ఎలా తీర్చుకోను?"

"నాదేముంది, తుంగమ్మా! ఎక్కడ మలుపు తిరగాలో చెప్పినవాడు మా ఆయన. నేను ఆ మాట మరిచిపోలేదు, అంతే," అంది చెలమ.

కోరయ్య రక్తమోడుతున్న నోటితో దగ్గరికి వచ్చాడు. "అన్న పేరెత్తి నిన్ను ఒక మాట అన్నాను, వదినా. క్షమించు. రేపటి నుంచి నీ పక్కన నేనూ తోస్తాను. ఎక్కడ తిరగాలో నువ్వు చెప్పు."

మర్నాడు మాను నిండా కుందేళ్లు ఎక్కాయి. చెలమ, కోరయ్య కలిసి తోశారు. నేరేడు కొమ్మలు కనబడ్డాయి. చెలమ నోరు తెరిచేలోగా, "ఇక ముందుకు పద, వదినా," అన్నాడు కోరయ్య.

ఎన్నాళ్లకో విన్న ఆ మాటకు చెలమ కళ్లు చెమర్చాయి. ఆమె నేరేడు కొమ్మను ముట్టుకుని, ముందుకు ఈదింది. మాను నల్లబండను తాకీ తాకనట్లు ఆగింది. కుందేలు పిల్ల ఒకటి నిద్రలోనే ఉంది. గట్టు వచ్చిందని దానికి తెలియనే లేదు.

నీతి: పెద్ద బరువును కదిలించడానికి ఎంత బలం, ఎంత ఓపిక కావాలో, ఆపడానికీ అంతే కావాలి. ఆ సంగతి నేర్పి వెళ్లినవారి ఋణం, నేర్చినదాన్ని నలుగురికీ ఉపయోగపెడితేనే తీరుతుంది.