నిద్రగన్నేరు కింద పెళ్లి

అనగనగా సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి. దాని పేరు సింహద్వీపం. పేరులో సింహం ఉంది గానీ, పిల్లలూ, ఆ దీవంతా గాలించినా ఒక్క సింహం కనపడదు. అందుకే అక్కడ రాజు లేడు. గర్జించి తగువులు తీర్చేవాడూ లేడు. ఏ తగువొచ్చినా కూర్చుని మాట్లాడుకోవలసిందే.

నీటిపిల్లులు మొదటినుంచీ ఆ నీళ్లలోనే ఉన్నాయి. కొంగలు ఉత్తరం వైపు సముద్రం మీదుగా ఎగిరి వచ్చాయి. ఉడుతలు గోదావరి ఒడ్డు నుంచి, ఓడలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని వచ్చాయి. దీవి చిన్నది, వచ్చినవాళ్లు ఎక్కువ. ఎవరికి వాళ్లు వేరే అడవి కావాలంటే ఎక్కడినుంచి తెస్తారు? అందుకని పెద్దలంతా కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ చెట్టూ ఒకే జాతితో నిండిపోకూడదు. ప్రతి చెట్టు మీదా అందరూ ఉండాలి.

మొదట్లో అందరూ సణిగారు. తర్వాత అలవాటు పడ్డారు.

ఏటి ఒడ్డున ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని వేళ్ల కింద బొరియల్లో నీటిపిల్లులు, నడిమి తొర్రల్లో ఉడుతలు, పైకొమ్మల్లో కొంగలు కాపురం ఉండేవి. తెల్లవారుజామున నీటిపిల్లులు పడమటి దిక్కుకి తిరిగి తలవంచి ప్రార్థన చేసుకునేవి. కాసేపటికి కొంగలు తమ పెద్దల పేరు చెప్పి అగరొత్తులు వెలిగించేవి. ఆ తర్వాత ఉడుతలు తొర్ర ముందు ముగ్గు వేసి దీపం పెట్టేవి. ఎవరి దేవుడు వాళ్లకి. చెట్టు కింద నీడ మాత్రం అందరిదీ. పండగ వచ్చినా, పెళ్లి వచ్చినా, ఎవరైనా పోయినా, అన్నీ ఆ నీడలోనే జరగాలి. వేరే చోటు లేదు.

నడిమి తొర్రలో తాయారు అనే ఉడుత ఉండేది. పొట్టి కాళ్ల నీటిపిల్లులు చెట్టెక్కలేవు. పైనున్న ముసలి కొంగలు మాటిమాటికీ దిగలేవు. అందుకని పై మాట కిందికీ, కింది మాట పైకీ తాయారే చేరవేసేది. ఎవరు ఏమన్నా, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పేది. అందుకు తాయారుకి మంచి పేరుండేది.

ఒక ఏడు నీటిపిల్లి రొహానా తన కూతురు మెలాతీకి ఆ ఏటి ఎగువనుండే ఒక కుర్రవాడితో పెళ్లి కుదిర్చింది. పౌర్ణమి పోటు మీద జలసంధి అవతలనుంచి బంధువులంతా ఈదుకుంటూ వచ్చారు. ఆ పోటు తగ్గేలోగా పెళ్లి చేసి మళ్లీ వెళ్లిపోవాలి. రొహానా అన్న హాషిం పెద్ద పెద్ద డప్పులు వీపున కట్టుకుని తెచ్చాడు. చెట్టు కింద కొబ్బరాకుల పందిరి వేశారు.

సరిగ్గా పెళ్లినాటి ఉదయం పైకొమ్మలో సియూ అవ్వ కన్నుమూసింది.

సియూ అవ్వ ఆ చెట్టు మీది కొంగలందరిలోకీ పెద్దది. కొంగల ఆచారం ప్రకారం, పోయినవాళ్లని మూడు రోజులు ఇంటి చెట్టు నీడలోనే ఉంచాలి. పక్కన కూర్చుని, సన్నగా మంత్రాలు చదువుతూ కాపలా కాయాలి. అవ్వ మనవడు కియాంగ్, అతని చుట్టాలు అవ్వని మెల్లగా కిందికి దించి, చెట్టుకి తూర్పు పక్కన రెల్లు పరుపు మీద పడుకోబెట్టారు. పడమటి పక్కన పెళ్లి పందిరి. మధ్యలో చెట్టు మొదలు ఒక్కటే అడ్డం.

హాషింకి కోపం వచ్చింది. పెళ్లి పందిరి పక్కన శవమేమిటని మండిపడ్డాడు. చెట్టు మొదలు చుట్టి వెళ్తే నాలుగు అంగలు. అయినా తాను వెళ్లలేదు. తాయారుని పిలిచి, "మీ చావు ఇంకెక్కడైనా పెట్టుకోమని వాళ్లతో చెప్పు" అన్నాడు.

తాయారు తూర్పు పక్కకి వెళ్లి, అలవాటు చొప్పున ఉన్నదున్నట్టు చెప్పింది. కియాంగ్ వంగి అవ్వ కింది రెల్లు సర్దాడు. పొరుగు దీవినుంచి వచ్చిన ఒక చుట్టం కొంగ మాత్రం మెడ నిక్కించింది. "చావింటి పక్కన నవ్వడానికి వాళ్లకి సిగ్గు లేదా? ఆ పందిరి పీకి ఏట్లో పారేసుకోమను" అంది.

తాయారు ఆ మాట కూడా మోసుకొచ్చింది. పందిరి కింద గగ్గోలు లేచింది. హాషిం డప్పు చేతికి తీసుకున్నాడు. "వాళ్ల మంత్రాలు వాళ్లకే వినిపించనంత గట్టిగా కొడతామని చెప్పు" అన్నాడు.

తాయారు మూడోసారి బయల్దేరింది. చెట్టు మొదలు మీద కాస్త ఎగబాకి, అక్కడ ఆగిపోయింది. ఆ చోటునుంచి రెండు పక్కలూ కనపడుతున్నాయి.

ఒక పక్క కియాంగ్ అవ్వ ఈకలు సరిచేస్తున్నాడు. చుట్టాలు అరుస్తుంటే తలెత్తి చూడనైనా చూడటం లేదు. ఇంకో పక్క రొహానా మల్లెపూల బుట్ట ముందు కూర్చుంది. దండ సగం గుచ్చి వదిలేసింది. ఆమె కళ్లు చెట్టు మొదలు వైపే ఉన్నాయి.

ఉదయంనుంచీ తాను మోసిన మాటలు ఎవరివో తాయారు గుర్తు చేసుకుంది. అన్నీ నిన్న వచ్చి రేపు పోయేవాళ్లవి. ఈ చెట్టు మీద బతకాల్సినవాళ్లు ఇద్దరూ ఇంకా నోరే విప్పలేదు. వాళ్ల మధ్య తాను విషం పోస్తున్నట్టు ఆమెకి తోచింది.

ఆ మూడో మాటని తాయారు అక్కడే వదిలేసింది. కిందికి దిగి కియాంగ్ దగ్గరికి వెళ్లింది.

"బాబూ, నువ్వూ రొహానా ఒక్కసారి కలుసుకోండి. నువ్వు ఆమెకి చెప్పాల్సిందీ, ఆమె నీకు చెప్పాల్సిందీ నేను మొయ్యలేను. నావల్ల కాదు" అంది.

తర్వాత రొహానా దగ్గరికి వెళ్లి అదే మాట చెప్పింది. హాషిం కళ్లెర్రజేశాడు. చెప్పి రమ్మన్నది ఎందుకు చెప్పలేదని గద్దించాడు.  అయినా తాయారు బదులు చెప్పింది.

"మీకు చెప్పాలనుంటే నడిచి వెళ్లి, ఆ పోయిన పెద్దావిడ ముందు నిలబడి చెప్పండి అయ్యా."

హాషిం కదల్లేదు. రొహానా లేచింది. చెట్టు మొదలు దగ్గరే ఇద్దరూ ఎదురుపడ్డారు.

కియాంగే ముందు మాట్లాడాడు. "వదినా, అవ్వని మడ అడవిలోకి తీసుకెళ్లిపోతాం. అక్కడ బురదైనా పర్వాలేదు. మీ అమ్మాయి పెళ్లి ఆగకూడదు" అన్నాడు.

రొహానా ఒప్పుకోలేదు. "అవ్వ ఇల్లు ఇది. అవ్వ ఎక్కడికీ వెళ్లదు. పెళ్లి నిశ్శబ్దంగా చేసుకుంటాం. డప్పులు లేకపోతే పెళ్లి కాదా?" అంది.

ఇదంతా పెళ్లికూతురు వింటోంది. మెలాతీ పసిదిగా ఉన్నప్పుడు, రొహానా చేపల వేటకి వెళ్లినప్పుడల్లా, సియూ అవ్వ ఒంటికాలి మీద బొరియ ముందు నిలబడి కాపలా కాసేది. ఆమె అవ్వ వైపు కదలగానే, పెళ్లికూతురు శవం ముందుకి వెళ్లకూడదని పెద్దలు ఆపబోయారు. మెలాతీ తల అడ్డంగా ఊపింది.

"నన్ను కాచిన అవ్వ దగ్గరికి వెళ్తే నాకు చెడు జరుగుతుందా?" అని అడిగింది.

పెద్దలు పక్కకి తప్పుకున్నారు. మెలాతీ వెళ్లి అవ్వ కాళ్ల దగ్గర తలవంచింది. కియాంగ్ తల్లి ఒక ఎర్ర దారం తీసి ఆమె చేతికి కట్టింది. దుఃఖం ఉన్నచోటికి వచ్చినవాళ్లు మంగళంగా తిరిగి వెళ్లాలని కొంగలు అలా కడతాయట.

మధ్యాహ్నం పెళ్లి జరిగింది. పెళ్లి ప్రార్థన మొదలవగానే తూర్పు పక్క మంత్రాలు ఆగాయి. నీటిపిల్లులన్నీ గుసగుసగానే దీవెనలు చెప్పుకున్నాయి. ఉడుతలు పండ్లు తెచ్చి రెండు పక్కలా పంచాయి. అంతా అయిపోతుండగా కియాంగ్ చెట్టు చుట్టి హాషిం దగ్గరికి వచ్చాడు.

"ఒక్క దెబ్బైనా వెయ్యండి, మామయ్యా. ఈ పెళ్లి చూడాలని మా అవ్వ ఎన్నాళ్లుగానో ఎదురుచూసింది" అన్నాడు.

హాషిం తల దించుకున్నాడు. డప్పు ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో మెత్తగా ఒక్క దెబ్బ వేశాడు. అది పసిబిడ్డ వీపు తట్టినట్టుగా ఉంది.

పోటు తీసే వేళయింది. చుట్టాలంతా వెళ్లిపోయారు. హాషిం మాత్రం వెళ్లలేదు. డప్పుల్ని రొహానా బొరియలో పెట్టి, అక్కడే ఉండిపోయాడు.

మూడో రోజు అవ్వని ఏటి అవతలి గట్టుకి చేర్చాలి. కొంగలు రెల్లుతో తెప్ప కట్టాయి. కానీ ఆ వేళకి ఏరు ఉరవడి మీద ఉంది. ముక్కులతో తాడు పట్టుకుని కొంగలు ఎంత లాగినా తెప్ప పక్కకి కొట్టుకుపోతోంది. అప్పుడు నీళ్లలో చప్పుడయింది. ముందు హాషిం, వెనక రొహానా, ఆ వెనక కొత్త పెళ్లికొడుకు, ఇంకా చెట్టు కింది నీటిపిల్లులన్నీ నీళ్లలో దిగాయి. తెప్పకి నాలుగు పక్కలా చేరి, వీపులు ఆనించి, అవ్వని కుదుపు లేకుండా దాటించాయి. తెప్ప మీద అవ్వ పక్కనే దీపం పట్టుకుని తాయారు కూర్చుంది. ఏరు దాటేదాకా ఆ దీపం ఆరలేదు.

అవతలి గట్టు మీద ఒక ముసలి తాబేలు ఎండ కాచుకుంటోంది. దానికి ఈ ఊరేగింపు వింతగా తోచింది. తెప్ప తాడు భుజాన వేసుకుని ముందు నడుస్తున్న హాషింని ఆపింది.

"పోయినావిడ కొంగ కదా. నీకేమవుతుంది?" అని అడిగింది.

హాషిం ఒళ్లంతా నీళ్లోడుతూ వెనక్కి తిరిగి తెప్ప మీది అవ్వని చూశాడు.

"మా మేనకోడల్ని పెంచిన అవ్వ" అని చెప్పి, తెప్ప తాడు మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

నీతి: పొరుగువాళ్ల దుఃఖం కోసం మన సంతోషం కాస్త ఒదిగి కూర్చుంటే, ఆ సంతోషం తరగదు. మనుషుల్ని విడదీసే మాటని మొయ్యకండి, వాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టండి.