బాబా ఫోనుకు పౌచ్

గౌస్ పీర్ బాబాకు వచ్చిన గుండెనొప్పి తగ్గింది. శిష్యుడు దస్తగిరి భయమే తగ్గలేదు. గురువు లేకపోతే తనేమైపోతాడో తలచుకోవడానికే వణుకు. అందుకే ఆయన్ను దర్గా పక్క గదిలో పడుకోబెట్టి, వచ్చినవాళ్లందరినీ గుమ్మం నుంచే తిప్పి పంపేస్తున్నాడు.

ఒకరోజు బాబా ఫోను మంచం మీంచి జారింది. ఇక దాని గురించి కూడా భయమే. బజారుకు పోయి పౌచ్‌లన్నీ తిరగేశాడు.

"అది ఈ మోడల్‌కు కాదు భాయ్," అన్నాడు కొట్టాయన.

"అన్నిట్లోకీ మందం ఇదేనా?"

"మందమైతే ఇదే. మూలలకు రబ్బరు గూడా ఉంది."

"అయితే ఇదే ఇయ్యి."

ఎలాగో కుక్కి తొడిగాడు. ఫోను ఇటుకలా తయారైంది. కొట్టు ముందే కింద పడేసి చూశాడు. గీత కూడా పడలేదు. మురిసిపోయాడు.

మర్నాడు ఫోను మోగింది. బాబా ఎత్తారు. గుత్తి నుంచి ఆదిలక్ష్మమ్మ.

"బాబా, మా పిల్లోనికి రేపు ఆపరేషను. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"వింటాండా తల్లీ, చెప్పు."

"బాబా? ఉండారా?"

"ఈడనే ఉండా తల్లీ."

"ఒక్క మాట పలకండి బాబా! నా మీద కోపమొచ్చిందా?" ఆమె ఏడుస్తూనే ఫోను పెట్టేసింది.

బాబా ఫోను తిప్పి చూశారు. మాట లోపలికి పోయే సన్నటి బెజ్జం మీద రబ్బరు అంచు కూర్చుని ఉంది. ఆయన నిమ్మకాయలు కోసే చాకు తీసుకుని, అక్కడి వరకే మెల్లగా కోశారు.

"బాబా, ఆడ దెబ్బ తగిల్తే?"

"తగలనీ. మూలల్ని కాయనీ దస్తగిరీ, నోటిని మూయనీకు."

మళ్లీ ఆమెకు చేశారు. ఈసారి మాట అందింది.

"కోపమేంది తల్లీ? నా కాడికి రాకపోతివే?"

"వస్తి బాబా. రెండుసార్లు వస్తి. లోపలికి రానియ్యలేదు."

బాబా ఫోను దస్తగిరి చేతిలో పెట్టి కళ్లు మూసుకున్నారు.

అవతల ఆమె ఎదురుచూస్తోంది. గురువు ఛాతీ నెమ్మదిగా లేచి పడటం చూస్తూ దస్తగిరి అలాగే నిలబడ్డాడు. సిగ్గేసింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ఇప్పుడే రాండమ్మా," అన్నాడు చివరికి. "నేను ఎదురొస్తా."