ఒక్క 'ట' భిక్ష

ఒకానొక రాజ్యంలో పుకారు పల్లకీ ఎక్కి తిరిగేది, నిజం చెప్పులు చేతబట్టుకుని వెనకాల నడిచేది. ఆ రాజ్యం పేరు నెమలికుర్తి. ఏలేవాడు ప్రచండకేసరి మహారాజు. ఆయన బిరుదులు చదివే భట్రాజుకు మధ్యలో ఒకసారి మంచినీళ్ళు అందించాల్సి వచ్చేది.

రాజుగారికి ఒక గర్వం ఉండేది. ఇరుగుపొరుగు రాజులు ఒక నేరం విచారించడానికి నెలలు తీసుకుంటే, తాను పూటలో తేల్చేస్తాడు. జనవాక్యం కర్తవ్యం అనేవాడు. ఊళ్ళో పదిమంది ఏమంటున్నారో వేగులవాళ్ళు వచ్చి చెప్పడం, అదే తీర్పు కావడం. ఇక విచారణతో పనేముంది?

ఆయన కొలువులో దోనప్ప అనే హాస్యగాడు ఉండేవాడు. గురువు దగ్గర కూర్చుని చదివినవాడు కాదు. పండితుల తాటాకు కట్టలు మోస్తూ, దింపిన చోటల్లా ఒక ముక్క కూడబలుక్కుని, చివరికి తాను కవినయ్యానని తానే నిర్ణయించుకున్నవాడు. నీ పద్యాల్లో గణాలు తప్పుతున్నాయేమని పండితులు నిలదీస్తే, మోసుకొచ్చేటప్పుడు దారిలో జారిపోయాయనేవాడు. పద్యాల సంగతి సరే, ఊరగాయ జాడీలు పెట్టుకోవడానికి ఇంటికొక అటకైనా లేదు కదా అని ఆయన భార్య అచ్చక్క రోజూ దెప్పేది.

అలాంటి దోనప్పకు ఆ రోజు కొలువులో ఒక్క హాస్యమూ తోచడం లేదు. ఎదురుగా వస్తాదు భైరన్న చేతులు కట్టించుకుని నిలబడి ఉన్నాడు.

నాలుగు రోజుల కిందట వసంతోత్సవంలో ఇదే భైరన్న, పడమటి దేశం నుంచి వచ్చిన జగ్గోజీ అనే కొండలాంటి మల్లుణ్ణి ఎత్తి బరిలో పడేశాడు. ఊరంతా అతన్ని భుజాలకెత్తుకుంది. ఆడవాళ్ళు కాళ్ళకు పసుపు నీళ్ళు పోశారు. ఆ సాయంత్రమే జగ్గోజీ బసలో కుప్పకూలాడు. అప్పటినుంచి స్పృహ లేదు.

రెండు రోజులు తిరిగేసరికి ఊళ్ళో ఒకటే మాట. భైరన్న జగ్గోజీ మజ్జిగలో ఉమ్మెత్త గింజలు కలిపాడట. పసుపు నీళ్ళు పోసిన చేతులే పేడనీళ్ళు పోశాయి. భైరన్న మాట్లాడకపోతే, తప్పు చేశాడు కనుకే నోరు మెదపడం లేదన్నారు. నేను చేయలేదని ఒక్కసారి అంటే, తప్పు చేశాడు కనుకే ఇంత గట్టిగా అంటున్నాడన్నారు.

రాజుగారు తీర్పు చెప్పేశారు. వాకిట్లో నీళ్ళ తొట్టి మీద అడుగున చిల్లి ఉన్న రాగిగిన్నె తేలుతోంది. అది నిండి మునిగితే ఒక గడియ గడిచినట్టు. ఈ గిన్నె మునగగానే భైరన్న కుడిచెయ్యి తెగుతుంది. తలారి పక్కనే కూర్చుని కత్తి నూరుతున్నాడు.

దోనప్ప ఆ కత్తి వంకే చూస్తున్నాడు. ఎందుకంటే ఉమ్మెత్త ఆయనదే.

మొన్న మంగలి కోనయ్య దగ్గర గడ్డం చేయించుకుంటుంటే, భైరన్న మజ్జిగలో ఏదో కలిపాడట కదా అన్న మాట వచ్చింది. ఏం కలిపి ఉంటాడు, మీకు తెలియనిదేముంది దోనప్పగారూ అని కోనయ్య అడిగాడు. పుట్టి బుద్ధెరిగి 'తెలియదు' అన్న మాట ఎరగని దోనప్ప, మీసం సవరించుకుని, ఉమ్మెత్త గింజలై ఉంటాయి అన్నాడు. గడ్డం పూర్తయ్యేలోగా గింజలు మిగిలాయి, 'అయి ఉంటాయి' మాత్రం గీసుకుపోయింది.

గిన్నె పావువంతు నిండింది. దోనప్ప లేచాడు.

"ప్రభూ, ఒక భిక్ష."

"వీడి ప్రాణం తీయడం లేదుగా దోనప్పా, చెయ్యేగా" అన్నాడు రాజు.

"నాకు ప్రాణమూ వద్దు, చెయ్యీ వద్దు. ఒక్క అక్షరం చాలు. సాక్షుల మాట చివర 'ట' ఉంటుంది చూడండి, అది నాకు ఇప్పించండి. 'ట' నాకిచ్చేసి మిగతాది చెప్పమనండి."

కొలువు నవ్వింది. రాజు నవ్వలేదు. తన తీర్పుకు అడ్డొచ్చినవాణ్ణి ఆయన అంతకుముందు చూసి ఎరగడు. భిక్ష ఇస్తాననీ, గిన్నె మునిగేలోగా ఏమీ తేలకపోతే చెయ్యితో పాటు దోనప్ప నాలుక కూడా తీయిస్తాననీ అన్నాడు. తలారి రెండో కత్తి బయటకు తీశాడు.

మంత్రి శరభాంకుడు నలభైమంది సాక్షుల్ని వరసగా నిలబెట్టాడు. మొదట పూలమ్మే పెంచలయ్య వచ్చాడు.

"భైరన్న మజ్జిగలో ఉమ్మెత్త కలిపాడ..." అని ఆగిపోయాడు.

"ఊఁ, కానీయ్" అన్నాడు దోనప్ప.

"కలిపాడ..." పెంచలయ్య నోరు తెరుచుకునే ఉంది. "కలిపాడు అనాలంటే చూసినట్టవుతుంది కదండీ. నాకు మా బావమరిది చెప్పాడు."

బావమరిదీ 'కలిపాడ' దగ్గరే ఆగాడు. ఆయనకు నూనె గానుగ దగ్గర ఎవరో చెప్పారు. గానుగవాడికి వాళ్ళ వియ్యపురాలు చెప్పింది. ఒక్కొక్కరే రావడం, కప్పలా నోరు తెరిచి నిలబడడం. గిన్నె సగం నిండింది.

మంత్రికి చిరాకెత్తింది. నిప్పు లేనిదే పొగ రాదని, ఇంతమంది నోట ఒకే మాట ఊరికే వస్తుందా అని అడిగాడు.

"రాదు మంత్రిగారూ" అన్నాడు దోనప్ప. "అందుకే ఆ నిప్పు ఎవరి పొయ్యిలోదో చూద్దామంటున్నాను."

ఆ మాటల పాయలన్నీ ఒక్కచోటికే వచ్చి కలిశాయి. మంగలి కోనయ్య ముందుకొచ్చాడు. దోనప్ప వంక చూశాడు, నేల వంక చూశాడు.

"చెప్పు కోనయ్యా" అన్నాడు దోనప్ప మెల్లగా. "నిన్నేమీ అనరు."

"ఉమ్మెత్త అని నాకు చెప్పింది దోనప్పగారేనండి."

రాజు సింహాసనంలో ముందుకు వంగాడు.

"నేనే ప్రభూ" అన్నాడు దోనప్ప. "ఉమ్మెత్తను నేను చూడలేదు, భైరన్న కలపడమూ చూడలేదు. తెలియదు అనడం చేతకాక అన్నాను. మోసిన తాటాకుల్లో ఆ ఒక్క మాట ఎక్కడా తగల్లేదు. నా నాలుక ఏలినవారి చిత్తం. కాని 'ఏదో కలిపాడు' అన్నది మాత్రం నా సరుకు కాదు. అది తమకు తాంబూలం అందించే ఓబన్న నాకు చెప్పాడు."

గిన్నె అంచు దాకా దిగింది. ఓబన్న గబగబా, వింజామర వీచే చెంగమ్మ చెప్పిందన్నాడు.

చెంగమ్మ రాజుగారి వెనకే నిలబడి ఉంది. ఆమె చేతిలో వింజామర ఆగిపోయింది.

"అమ్మా, విన్నది విన్నట్టు చెప్పు" అన్నాడు దోనప్ప. "నువ్వు చెవులారా విన్నావు, నీకు 'ట'తో పనిలేదు."

చెంగమ్మ పాఠం అప్పజెప్పినట్టు అంది. "కుస్తీ నాడు... భైరన్న ఆయన్ని ఎత్తినప్పుడు... 'వీడు మజ్జిగలో ఏం కలుపుకు తాగుతాడో గాని, ఏనుగునైనా ఎత్తేలా ఉన్నాడే' అని... నా ముందు కూర్చున్నవారు అన్నారు."

వింజామర వీచే మనిషి ముందు కూర్చునేది ఎవరని కొలువులో ఎవరూ అడగలేదు. నలభైమంది సాక్షులూ ఒక్కసారిగా తమ తమ కాలివేళ్ళు లెక్కపెట్టుకోసాగారు.

వాకిట్లో గిన్నె బుడుంగుమని మునిగింది. గడియ కొట్టేవాడు సుత్తి ఎత్తి, రాజు ముఖం చూసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచేశాడు. తలారి లేచాడు. ఏ కత్తి పట్టుకోవాలో తెలియక రెండూ పట్టుకున్నాడు. దోనప్ప నోరు మూసుకుని, లోపల నాలుకను ఒకసారి తడుముకున్నాడు.

రాజు అన్నాడు. "అది మెచ్చుకోలు కదయ్యా."

"మెచ్చుకోలే ప్రభూ. తమ నోట మెచ్చుకోలు, తాంబూలం పళ్ళెం దగ్గర అనుమానం, నా గడ్డం దగ్గర ఉమ్మెత్త, వీధిలోకి వెళ్ళేసరికి నేరం."

"అయితే భైరన్న ఏ పాపమూ ఎరగడంటావు."

"ఎరగడో, చేశాడో, నాకు తెలియదు. ఈ నాలుగు రోజుల్లో ఊళ్ళో 'తెలియదు' అన్నవాడు ఒక్కడూ లేడు, నాతో సహా. తెలిసేదాకా ఆ చెయ్యిని భుజానికే ఉండనివ్వండి. నేరం తేలాక నరకాలంటే అప్పుడైనా నరకవచ్చు. నరికాక అతికించే బిరుదు మాత్రం ఏలినవారికి ఇంకా లేదు."

రాజు మీసం కదిలింది. కోపమో నవ్వో కొలువుకు తెలియలేదు. ముందు పొట్ట కదిలింది, తర్వాత కిరీటం. చివరికి ఆయన పగలబడి నవ్వి, కళ్ళు తుడుచుకుని, భైరన్న కట్లు విప్పమన్నాడు. వైద్యుణ్ణీ, ఇద్దరు పెద్దమనుషుల్నీ జగ్గోజీ బసకు పంపి, చూసినది మాత్రమే చెప్పమన్నాడు.

"ఇంతకూ దోనప్పా, నలభై 'ట'లు పోగుచేశావు. ఎక్కడ దాస్తావు?"

"అదే బెంగ ప్రభూ. మా ఇంటికి అటక లేదు."

అటక ఉన్న మిద్దె ఇల్లొకటి ఆ క్షణమే దోనప్ప పేర రాయించాడు రాజు. ఇకనుంచి తన కొలువులో 'అట'లన్నీ అటకెక్కాల్సిందేనన్నాడు. ఉమ్మెత్తకు మాత్రం శిక్ష తప్పదన్నాడు. నెల రోజుల పాటు ఎవరు ఏమడిగినా దోనప్ప 'తెలియదు' అనే చెప్పాలి.

రెండో రోజుకు జగ్గోజీ కళ్ళు తెరిచాడు. గెలవాలని మూడు రోజులు కటిక ఉపవాసం మొక్కుకుని ఎండలో బరిలోకి దిగానని, ఆ రోజు అసలు మజ్జిగే ముట్టలేదని చెప్పాడు. ఊరు మళ్ళీ భైరన్నను భుజాలకెత్తుకుంది. మాకు మొదటినుంచీ తెలుసు, భైరన్న అలాంటివాడు కాదు అంది. ఎత్తుకున్నవాళ్ళలో పెంచలయ్య అందరికంటే ముందున్నాడు.

అటక దక్కిన ఆ రోజు కొలువు చాలించి దోనప్ప ఇల్లు చేరేసరికి వార్త ఆయనకంటే ముందే వచ్చి కూర్చుంది. అచ్చక్క ఊరగాయ జాడీ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, రాజుగారు మనకు అటకున్న ఇల్లిచ్చారట. నిజమేనా?"

దోనప్ప సంతోషంగా నోరు తెరిచాడు. శిక్ష గుర్తొచ్చింది.

"తెలియదే" అన్నాడు.

అచ్చక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీకు తెలియకపోతే పీడాపోయె. నేను వెళ్ళి చూసొస్తాను, నిచ్చెన తీయండి" అంది.