మూడుపాయల కొండ

మనుషులు దాన్ని స్కీయింగ్ అంటారు. మంచుకొండల్లో బతికే జంతువులు మాత్రం జారుడు అనే అంటాయి. కాళ్లకు చెక్కబద్దలు కట్టుకుని, మంచు మీద కొండ కొస నుంచి కిందికి జారిపోవడమే ఆ ఆట. అక్కడ మంచు చప్పుడు లేకుండా పడుతుంది. మబ్బు ఎక్కడ ఆగిందో, కొండ ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. ఆ కొండల్లో ఎవర్ని చూసినా సగం మెలకువలో, సగం కలలో ఉన్నట్టుంటారు.

ఎలుగుబంట్లకైతే కల పాలే ఎక్కువ. చలి ముదిరాక గుహలో పడుకున్నాయంటే మంచు కరిగేదాకా లేవవు. పడుకునే ముందు చివరిసారి ఏ కొండ జారితే, చలికాలమంతా ఆ జారుడే కలలోకి వస్తుంది. అందుకని చివరి జారుడుకి కొండని ఎంచుకోవడమంటే వాటికి పెళ్లి సంబంధం చూసినంత పని.

కిందటేడు బొంతమ్మ అనే ఎలుగుబంటి ఆ పనిలో తొందరపడింది. కూతురు మిణుగుకి అప్పుడప్పుడే బద్దలు కట్టారు. నిద్ర ముంచుకొస్తోందని తల్లి ఎదురుగా కనబడ్డ కొండ ఎక్కించేసింది. పిల్ల సగంలోనే పల్టీ కొట్టింది. ఇక చలికాలమంతా మిణుగు కలలో పడుతూనే ఉంది, పడ్డప్పుడల్లా ఏడుస్తూనే ఉంది. పక్కన తల్లికి కంటి మీద కునుకు లేదు. మంచు కరిగాక బయటికొచ్చిన బొంతమ్మని చూసి ఏదో జబ్బు చేసిందనుకున్నారంతా.

ఈ ఏడు మిణుగు దూదిదిబ్బ అనే చిన్న మెత్తటి గుట్ట మీద బుద్ధిగా నేర్చుకుంది. మలుపు తిరగడం వచ్చింది, ఆగాలనుకున్న చోట ఆగడం వచ్చింది.

"అమ్మా, దూదిదిబ్బ మీద జారుతుంటే నాకు ఆవలింతలొస్తున్నాయి."

"నాకు జారకుండానే వస్తున్నాయే తల్లీ," అంది బొంతమ్మ కళ్లు నులుముకుంటూ. "ఇంక ఎన్నాళ్లో మేలుకోలేను. ఏదో ఒక కొండ తేల్చాలి. కిందటేడులాంటి చలికాలం ఇంకొకటి వస్తే మాత్రం నేను తట్టుకోలేను."

ఈ మాట నక్క జంబయ్య చెవిన పడింది. జంబయ్య మాటకారి. కొండ మీద ఎవరింట్లో ఏ మాట పుట్టినా చివర్లో తను ఉంటాడు.

"దానికింత ఆలోచనెందుకు అక్కా? కత్తివాదర కొండ ఉండగా."

"అది మరీ నిటారు కదయ్యా?"

"నిటారు కాదు అక్కా, నిండుదనం. మా తాత కళ్లు మూసుకుని జారేవాడు. మన మిణుగులాంటి పిల్లని ఇంకా దిబ్బల చుట్టూ తిప్పుతుంటే నలుగురూ ఏమనుకుంటారు? దారి నేను చూపిస్తాగా. నీ భుజాన ఉన్న ఆ తేనెపట్టు మూట కూడా వెంట తెచ్చుకో, దిగేసరికి ఆకలేస్తుంది."

అసలు సంగతి వేరు. కత్తివాదర అడుగున జంబయ్య బొరియ ఉంది. ఆ కొండ మీద పడని వాళ్లు లేరు. పడ్డవాళ్ల మూటలు దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆ బొరియ ముందే ఆగుతాయి. జంబయ్య సంసారమంతా అలాగే గడుస్తోంది. పుట్టి బుద్ధెరిగాక అతను కాలికి బద్ద కట్టింది లేదు.

అప్పుడు జడలమ్మ అక్కడే ఉంది. ఆమె ముసలి జడలబర్రె. ఆమె బొచ్చు పేనిన తాళ్లతోనే అందరూ బద్దలు కట్టుకుంటారు. మిణుగు బద్దల తాళ్లు సరిచూస్తూ ఆమె నెమ్మదిగా అంది.

"మూడుపాయల కొండ చూడరాదా బొంతమ్మా? అక్కడ మూడు దారులున్నాయి. ఒకటి మెత్తన, ఒకటి కాస్త వాలు, ఒకటి నిటారు. మూడూ కింద ఒక్క చెట్టు దగ్గరే కలుస్తాయి. పిల్ల ఏ దారిన దిగినా నువ్వు చెట్టు కింద నిలబడి చూసుకోవచ్చు."

"అది చాతకానివాళ్ల కొండ పెద్దమ్మా," అన్నాడు జంబయ్య నవ్వుతూ.

బొంతమ్మకి రెండు మాటలూ నిద్రలోంచే వినబడ్డాయి. కూతుర్ని పొగిడిన మాట ఇంకాస్త తియ్యగా వినబడింది. సరే పదమంది.

జడలమ్మ ఎదురు చెప్పలేదు. ఇంకో జత బద్దలు తీసి మిణుగు వీపున కట్టింది. "ఇవి జంబయ్యకి. కొండని చూపించినవాడు ముందు జారాలి, అది మన ఆనవాయితీ. పైకెళ్లాక గుర్తుచెయ్యి," అని పిల్ల చెవిలో చెప్పింది.

కత్తివాదర కొసన గాలి కూడా నిలబడలేకపోతోంది. కింద అంతా తెల్లటి పొగ. మిణుగు తొంగిచూసింది. కిందటేడు కలలో పడ్డప్పుడల్లా ఇలాంటి పొగే కనబడేది. పిల్ల కాళ్లు వాటంతటవే ఒకడుగు వెనక్కి జరిగాయి.

"మామా, ముందు నువ్వు," అంది.

"నాకు బద్దలేవీ?"

"ఇవిగో. పెద్దమ్మ పంపింది."

జంబయ్య నడుం పట్టుకున్నాడు. "పొద్దుట్నుంచి నడుం పట్టేసిందమ్మా."

"తాత కళ్లు మూసుకుని జారేవాడన్నావుగా. నువ్వు తెరుచుకునే జారు."

చల్లగాలికి బొంతమ్మ మత్తు కొంచెం వదిలింది. నక్క మొహం చూసింది, కూతురి కాళ్లు చూసింది. "నువ్వు జారకపోతే మేమూ జారం. తేనె తీసుకుని నడిచి దిగిపోతాం," అంది.

తేనె వెనక్కి పోతుందనేసరికి జంబయ్యకి ప్రాణం ఉసూరుమంది. బద్దలు కట్టుకుని, రెండడుగులు జారినట్టు నటించి, పక్కనున్న మేకలదారిలోకి తప్పుకుందామనుకున్నాడు. "సరే అక్కా, నేనే ముందెళ్తా. ఆ మూట నా మెడకి కట్టు, కింద భద్రంగా ఉంచుతా," అన్నాడు.

అతను బద్దలు కట్టుకున్నాక బొంతమ్మ మూట కట్టింది. మూట బరువుకి మెడ ముందుకు వంగింది, మెడ వెంట జంబయ్య వెళ్లాడు. మేకలదారి ఎప్పుడు దాటిపోయిందో అతనికి తెలియలేదు. తోక పైకి, తల కిందికి, మళ్లీ తల పైకి. తెల్లటి పొగలోంచి చాలాసేపు కేకలు వినబడ్డాయి.

తల్లీ కూతుళ్లు మేకలదారిన నడిచి దిగారు. మూట అన్ని మూటల్లాగే బొరియ దగ్గరికే చేరింది. మూట చిరిగి, జంబయ్య మీసాలు తేనెపట్టుకి అతుక్కుపోయి ఉన్నాయి.

"కొండ ఎలా ఉంది మామా?" అని అడిగింది మిణుగు. మామ నోరు తెరవలేదు, తేనె తెరవనివ్వలేదు. బొంతమ్మ తన తేనెపట్టు పీకి తీసుకుంది. మీసాలు కొన్ని దాంతోపాటే వచ్చాయి.

అక్కణ్ణుంచి మూడుపాయల కొండకి వెళ్లారు. మిణుగు ముందు మెత్తటి దారిన దిగింది. తర్వాత వాలు దారిన దిగింది, మలుపులో పడింది, మంచు దులుపుకుని మళ్లీ ఎక్కింది. ఈసారి ఆ మలుపు తిరిగింది. ఎప్పుడు తలెత్తినా చెట్టు కింద అమ్మ కనబడుతూనే ఉంది. నిటారు దారి వైపు కాసేపు చూసి, "అది వచ్చే ఏడు," అంది. ఆ మాటకి బొంతమ్మకి కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ చలికాలం మిణుగు నిద్రలో ఏడవలేదు. కాళ్లు మాత్రం ఓసారి ఎడమకి, ఓసారి కుడికి మెల్లగా కదిలేవి. బొంతమ్మకి చెట్టు కింద నిలబడ్డట్టు, పిల్ల మంచులోంచి జారి వచ్చి ఒళ్లో వాలినట్టు కల వచ్చింది. మంచు కరిగేదాకా అదే కల.

నక్కలకి చలికాలపు నిద్ర లేదు. అయినా జంబయ్య ఎప్పుడు కునుకు తీసినా కెవ్వుమని లేచేవాడు.

పిల్లకి కొండని ఎంచేటప్పుడు పొగిడేవాడి నోటిని కాదు, పిల్ల కాళ్లని చూడాలి.