రింగులు సెట్ కావాలంటే

“వచ్చే దసరాకి మీ మెట్ట మీదికి అంబులెన్సు ఎక్కిస్తాను. ఎక్కించకపోతే నా పేరు మార్చుకుంటాను.” ఎర్రమెట్ట పేటలో మైకు పట్టుకుని మా కార్పొరేటరు అన్న మాట ఇది. ఆ తరువాత రెండు దసరాలు వెళ్ళిపోయాయి. అంబులెన్సు రాలేదు. ఆయన పేరు కూడా అలాగే ఉంది.

అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు: మీ రోడ్డు మరీ ఎత్తు, బండి ఎక్కదు. గ్యాసు బండలు ఎక్కుతాయి, ఓట్లడిగేవాళ్ళ జెండాలు ఎక్కుతాయి; రోగిని దింపే బండి మాత్రం ఎక్కదట. కిందటేడు మా నూకరాజు వదిన బంగారమ్మకు నొప్పులొస్తే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుంటూ దింపాం. దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడామెకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. డిసెంబరు మొదటి వారం అన్నారు డాక్టరమ్మ.

పరదేశి మాస్టారు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. మెట్ట కింద, ఆయన ఇంటి అరుగు మీద, ఆదివారాలు మేము పుస్తకాలు చదువుతాం, వాదించుకుంటాం. ‘భిక్ష కాదు, హక్కు’ అని అట్టల మీద రాసుకునేది కూడా అక్కడే. ఆయన దేనికీ వెంటనే జవాబు చెప్పరు. ప్రశ్న వినగానే కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుస్తారు. తుడవడం అయ్యేలోగా అడిగినవాడికే జవాబు తట్టాలని ఆయన ఆశ. మాకు సాధారణంగా తట్టదు.

ఆయన పెరట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత డీజిల్ అంబాసిడర్‌ను బాగుచేద్దామన్నది నూకరాజు. ఐటీఐలో మోటారు మెకానిక్ చదివినవాడు. ఎండాకాలంలో ఇంజన్ దింపి, సిలిండర్లకు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి, వానలు తగ్గేసరికి రేకుల షెడ్డు కింద మళ్ళీ కట్టాడు. స్టార్టు చేసిన రోజు మొదట అది పలకలేదు. డీజిల్ పైపులో గాలి చిక్కుకుంది. నట్టు వదులుచేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలంతా తీశాక, ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. మేము పెట్టిన కేకలకు వీధంతా పెరట్లోకి వచ్చింది.

ఆ రోజు నుంచి నూకరాజు ఆ కారును గేటు దాటనివ్వలేదు. నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. వెనక అద్దం మీద సున్నంతో ‘రన్నింగ్ ఇన్’ అని, అంటే కొత్త ఇంజన్ ఇంకా కుదురుకోవాలి, తొందర పెట్టకండని, రాశాడు. రోజూ పొద్దున్నే స్టార్టు చేసి, యాక్సిలరేటరు తొక్కకుండా నిలబెట్టిన చోటే మెల్లగా నడిపి, ఆపి, గుడ్డతో తుడిచేవాడు. వారం తిరిగేసరికి పొగ నీలంగా మారింది. ఇంజనాయిలు తగ్గుతోంది. అతను మరింత మెల్లగా నడపడం మొదలుపెట్టాడు.

బంగారమ్మ కాన్పుకు ముందే, ఫలానా తేదీలోగా మెట్ట మీదికి అంబులెన్సు రావాలని మేము కార్పొరేటరుకు వినతిపత్రం ఇచ్చాం. ఆ ఆదివారం ఆయన బావమరిది చిట్టిబాబు దాన్ని పట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చుని టీ తీసుకున్నాడు. “అంతా బాగానే రాశారు మాస్టారూ. ఆ చివర తేదీ ఒక్కటీ కొట్టేయండి. బెదిరించినట్టుంది. ‘వీలైనంత త్వరలో’ అనండి, మా బావ మనసు కరుగుతుంది.”

నూకరాజు మాస్టారి వైపు తిరిగాడు. “కొట్టేద్దామా మాస్టారూ? మెత్తగా ఉంటేనే పనవుతుందేమో. గట్టిగా లాగితే ఉన్నది కూడా తెగిపోతుందేమో.”

నాకు ఒళ్ళు మండింది. ప్రజలే చరిత్ర నిర్మాతలని మొదలుపెట్టబోయాను. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. కళ్ళజోడు తుడుచుకుని, “కారు తియ్యి,” అన్నారు.

“ఎక్కడికి?”

“మెట్ట మీదికి.”

నూకరాజు ముఖం పాలిపోయింది. “కొత్త ఇంజన్ మాస్టారూ!”

“కొత్త రింగులు ఎలా సెట్ అవుతాయని చెప్పారు నీకు ఐటీఐలో?”

“లోడు మీద. బరువు లాగితేనే రింగు సిలిండరు గోడకి అదుముకుని, రాసుకుని కుదురుతాది. ఊరికే మెల్లగా తిప్పితే గోడ నునుపెక్కిపోద్ది. ఆయిలు పైకొచ్చి మండిపోద్ది.”

“ఈ నీలం పొగ అదేనా?”

“అదే.”

“తెలిసీ?”

“నా చేత్తో బిగించాను మాస్టారూ. మెట్ట మధ్యలో పోయిందనుకోండి, వదినకి చూపించడానికి నా దగ్గర మరేటీ లేదు.”

కారు చూద్దామని పొద్దున్నే ఆగి ఆగి దిగి వచ్చిన బంగారమ్మ అరుగు చివర కూర్చుని ఉంది. “కిందటిసారి నన్ను మెల్లగానే దింపారు కదా మరిదీ,” అంది.

ఆమె లేచి, వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

మాస్టారు చిట్టిబాబు భుజం మీద చెయ్యి వేశారు. “నువ్వూ ఎక్కు బాబూ. బరువు చాలదు.”

“నేనా? ఆ రోడ్డు బండి ఎక్కదండీ!”

“అందుకే.”

వెనక సీట్లో మాస్టారు, నేను, మరో మిత్రుడు, చేతిలో టీ గ్లాసుతోనే చిట్టిబాబు ఇరుక్కున్నాం. మొదటి మలుపు దాటాక కారు బరువుగా మూలిగింది. నూకరాజు కాలు యాక్సిలరేటరు మీంచి పైకి లేవబోయింది. “తియ్యకు,” అన్నారు మాస్టారు వెనక నుంచి. అతను పళ్ళు బిగించి తొక్కాడు. ఇంజన్ గొంతు మారిపోయింది. సందంతా నీలం పొగ కమ్మేసింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని, “దోమల పొగ బండి ఇన్నాళ్ళకి ఎక్కిందిరోయ్!” అని నవ్వారు. పొగలోంచి పైన వాటర్ ట్యాంకు కనబడింది. కారు దాని పక్కన ఆగింది. చిట్టిబాబు టీ అంతా అతని చొక్కా మీదే ఉంది.

బంగారమ్మను ట్యాంకు పక్కనే ఉన్న ఇంటి ముందు దింపి, మళ్ళీ దిగాం. మళ్ళీ ఎక్కాం. మధ్యాహ్నం దాకా అదే పని. దిగుతానన్నప్పుడల్లా మాస్టారు చిట్టిబాబును “ఇంకొక్కసారి బాబూ” అని కూర్చోబెట్టారు. ఎక్కిన కొద్దీ పొగ పలచబడింది. చివరికి పైన నూకరాజు దిగి, సైలెన్సరు దగ్గర తెల్లటి రుమాలు పట్టాడు. మసి అంటింది, నూనె అంటలేదు. ఆ రుమాలు అతను అందరికీ చూపించాడు, చిట్టిబాబుకు రెండుసార్లు.

చిట్టిబాబు చొక్కా దులుపుకున్నాడు. “బాగుంది మాస్టారూ. ఇంక మీకు సొంత కారే ఉంది. అంబులెన్సు ఎందుకు చెప్పండి?”

గుమ్మంలోంచి బంగారమ్మ అంది: “ఎక్కదన్న రోడ్డు పొద్దుట్నించీ ఎక్కుతానే ఉన్నావు కదా తమ్ముడూ. ఎల్లి మీ బావకి ఏటి సెప్తావు?”

నూకరాజు తడిగుడ్డతో వెనక అద్దం మీది ‘రన్నింగ్ ఇన్’ తుడిచేశాడు. ట్యాంకు కింద ఎవరో గోడకు వేస్తున్న సున్నంలో కుంచె ముంచి తెచ్చి, ఖాళీ అద్దం ముందు నిలబడ్డాడు. “మాస్టారూ, తేదీ ఉంచుదామా?”

మాస్టారి కళ్ళజోడు నిండా మసి. ఈసారి ఆయన దాన్ని తుడవలేదు.

“ఇంజన్ ఆపకు,” అన్నారు. “వారమంతా మెత్తగా నడిపి చూశావు కదా. రాయి: నవంబరు ఇరవై.”